వెనక వరస బస్తాలు

"ముందు వరస బస్తాల్లో మటుకు ఇసక పొయ్యండి. వెనకవాటిల్లో ఊక కూరండి. ఆ ఇంజనీరమ్మ వచ్చేలోపల కుట్లు పడిపోవాల," అన్నాడు హజరత్తయ్య.

మాలకొండమ్మ పార కింద పెట్టి మొగుడి మొహంలోకి చూసింది. ఆమె వెనక ఇసక తోడుతున్న ఆడవాళ్ళందరూ చేతులు ఆపేశారు.

"తుఫాను మేడకే దొంగ బరువా?"

"మేడ మనకు మిగలాలంటే అంతే. వాదన పెట్టుకోబాక."

ఆయన బాధ ఆయనది. గాలివాన వస్తే దొరువులపాళెం అంతా తలదాచుకునేది ఆ ఒక్క మేడలోనే. ఉప్పుగాలికి స్తంభాల్లో ఇనుము తుప్పుపట్టి పెచ్చులు ఊడుతుంటే, పడగొట్టేస్తామని పైనుంచి మాట వచ్చింది. పడగొట్టేది ఒక్క పూటే. మళ్ళీ కట్టేది ఎవరు చూడొచ్చారు? ఊరి పెద్దగా హజరత్తయ్య ఆఫీసుల చుట్టూ తిరగ్గా తిరగ్గా, నెల్లూరు నుంచి సుప్రియ అనే ఇంజనీరు వచ్చింది. తుప్పు గీకించి, గుంటలు పూడిపించి, స్తంభాలకూ దూలాలకూ కార్బన్ ఫైబర్ అని ఒక నల్లటి గుడ్డను జిగురు పూసి చుట్టించింది. ఆరితే ఇనుముకంటే గట్టిదనింది. మీ ఫైబర్ పడవకు చిల్లు పడితే మీరు అతికేది దీని చెల్లెలినే అనింది.

"పడవ నీళ్ళ మీద తేలితే చాలమ్మా. ఇది మా నెత్తిన నిలబడాల," అన్నాడు హజరత్తయ్య అప్పుడే.

విరిగిన కాలికి కట్టు కట్టినట్టున్న ఆ స్తంభాలను ఎన్నిసార్లు చూసినా ఆయనకు నమ్మకం కుదరలేదు. ఇప్పుడు మిద్దె మీద ఇసక బస్తాలు పేర్చి, తెల్లవార్లూ ఉంచి, దూలం గట్టిగా నిలిస్తేనే మేడ ఉంచుతారు. కుంగిందా, పడగొట్టుడే. బయట ఇసకలో తడిసేదానికంటే బలంలేని మిద్దె అయినా నయమే గదా అనుకున్నాడాయన.

ఆడవాళ్ళు మళ్ళీ పారలు అందుకున్నారు. వంగి పనిలో పడ్డారు. హజరత్తయ్య రోడ్డు మీదకు పోయి సుప్రియను అక్కడే ఆపి, టెంకాయ నీళ్ళు తాగించి, కుట్లు పూర్తయ్యేదాకా కబుర్లలో పెట్టాడు.

ఆమె వచ్చి ముందు వరసలో రెండు మూడు బస్తాలు కాటా వేయించి, సరే ఎక్కించమనింది. మోత మొదలైంది. ముందు వరస అయిపోయింది, వెనక వరస అందుకున్నారు. హజరత్తయ్య కళ్ళప్పగించి చూశాడు. బస్తాకు ఇద్దరు ఆడవాళ్ళు పట్టి, మెట్టు మెట్టుకూ ఆగి, నడుము పట్టుకుని, చెమటలు కక్కుతూ మంచినీళ్ళు అడుగుతున్నారు. ఏం నటన అనుకున్నాడు. ఇంత బాగా చేస్తారని తెలిసుంటే తను అంత బెదిరి ఉండేవాడు కాదు.

మరునాడు ఊరంతా మేడ ముందుకు చేరింది. వెంట్రుకవాసి కుంగినా చూపించే ముల్లొకటి దూలం కింద బిగించి ఉంది. సుప్రియ వంగి చూసింది. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది. పరవాలేదనుకున్న దాంట్లో సగం కూడా కుంగలేదని, మేడను ఇక ఎవరూ ముట్టుకోరని చెప్పింది. కుర్రాళ్ళు ఈలలేశారు.

ఒక తల్లి బిడ్డను ఆ నల్ల స్తంభానికి ఆనించి నిలబెట్టి, ఇక ఎంత గాలొచ్చినా ఇక్కడ నిశ్చింతగా పడుకోవచ్చని బిడ్డకు చెప్పుకుంటోంది. ఆ మాట హజరత్తయ్య చెవిన పడింది. సుప్రియను పక్కకు పిలిచాడు.

"తప్పు నాదమ్మా. పైన వెనక బస్తాల్లో ఉండేది ఇసక కాదు. ఊక."

సుప్రియ మొహం పాలిపోయింది. గబగబా మెట్లెక్కింది. వెనకే హజరత్తయ్య. ఆమె వెనక వరసలో ఒక బస్తా కుట్టు కోసింది. చల్లటి తడి ఇసక ఆమె చెప్పుల మీదకు జారింది. ఇంకోటి కోసింది. ఇసకే. అవతల మూల ఉన్నదాన్ని హజరత్తయ్యే గోళ్ళతో చించాడు. అందులోనూ ఇసకే.

ఆయన మిద్దె మీదే కూలబడి, పిల్లాడిలా నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు. ఆ బస్తాలన్నీ ఇప్పుడే తన గుండె మీదనుంచి దించినట్టుంది.

మెట్ల దగ్గర మాలకొండమ్మ తల కనిపించింది.

"ఆ కింద పడుకునేది మా బిడ్డలు గదా," అనింది. "నీ మాటా నమ్మలా, ఈయమ్మ గుడ్డనీ నమ్మలా. ఎనక బస్తాల్లో ఈయమ్మ చెప్పినదానికి ఇంకా రెండేసి చేటలు ఎక్కువే పోసినాం."