కరవాంక వారి కుర్చీ

"కుర్చీ లారీలో ఉందండీ. లారీ మంచులో ఉంది," అంది రొమానా.

ఫోనులో ముసలి గొంతు అడిగింది. "మే నెలలోనా, అమ్మాయ్?"

పక్క బల్ల దగ్గర క్లెమెన్స్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అతను కరవాంక ఫర్నిచర్ కంపెనీకి రవాణా మేనేజరు. ఆ ఉద్యోగంలో ఇంతవరకు ఒక్క లారీనీ చూడలేదు, చూడబోడు కూడా. ఫిలాఖ్ ఊరి వాణిజ్య పాఠశాల పై అంతస్తులోని ఆ గదే కంపెనీ మొత్తం. మేనేజర్లందరూ పిల్లలే. ధరలు, రసీదులు, జీతాలు, సంజాయిషీలు అచ్చం నిజం కంపెనీలాగే నడుస్తాయి. లేనివి కుర్చీలూ డబ్బూ మాత్రమే. సరిహద్దు అవతల, ఇటలీలోని ఊదినె బడిలోనూ ఇలాంటి కంపెనీయే ఉంది. లేని సరుకును ఒకరికొకరు అమ్ముకుంటూ రెండు బళ్ళ పిల్లలూ పని నేర్చుకుంటారు.

ఇవాళ పరీక్ష. ఊదినె వాళ్ళు కోపిష్టి కస్టమర్ వేషంలో ఫోన్ చేస్తారు. సముదాయించి నెగ్గితే, వేసవిలో ఊదినె కార్ఖానాలో నిజమైన ఉద్యోగం. నియమం ఒక్కటే, వేషం విప్పకూడదు. 'మేం పిల్లలం' అన్న మాట నోటివెంట వస్తే సున్నా.

రొమానాకి ఆ ఉద్యోగం కావాలి. ఎన్ని కుర్చీలు అమ్మినా చేతికి రంపపు పొట్టు అంటలేదు. ఒక్కోసారి తను కూడా కాగితం మీదే ఉన్నానేమో అనిపించేది.

"కొండ కనుమ దారిలో ఇంకా మంచేనండీ," అంది.

"ఆ కనుమ కిందే పుట్టాను నేను. ఇవాళ పొద్దున కూడా చూశాను. ఆవులు మేస్తున్నాయి."

గది అంతా వినపడేలా పెట్టిన ఫోను పక్కనే మార్కుల పెన్సిల్‌తో కూర్చున్న టీచరు, వుట్టె ప్రొఫెసర్, మురిసిపోయింది. "మంచి నటుణ్ణి పట్టారు ఈసారి! మన యాస కూడా నేర్చుకొచ్చాడు," అని గుసగుసలాడింది.

అవతల కుక్క మొరిగింది.

"కుక్కని కూడా తెచ్చారు," అన్నాడు క్లెమెన్స్.

"కుర్చీ కావాలని ఉత్తరం రాస్తే, మీ జవాబు ఎంత బాగా రాశారమ్మాయ్!" అంది గొంతు. "'మీకు సేవ చేయడం మా భాగ్యం' అని. ఆసుపత్రిలో మా ఆవిడ హెర్తాకి చదివి వినిపించాను. తుంటి ఆపరేషన్ అయింది. గురువారం ఇంటికొస్తోంది. కుర్చీ ఎత్తుగా ఉండాలన్నాడు డాక్టరు. ఇంట్లోవన్నీ పొట్టి కుర్చీలే. ఒకదాని మీద దిండ్లు పేర్చి కూర్చుని చూశాను. పడ్డాను."

క్లెమెన్స్ కిసుక్కుమన్నాడు. రొమానాకి నవ్వు రాలేదు. కట్టుకథ చెప్పేవాడు జాలి పుట్టిన చోట ఆగిపోతాడు. ఈయన ఆగకుండా దిండ్ల దాకా వెళ్ళాడు.

ఫోనుకి అరచెయ్యి అడ్డం పెట్టింది. "ప్రొఫెసర్ గారూ, ఈయన నిజం మనిషేమో."

"అలా అనిపించకపోతే ఇదేం పరీక్ష? కానియ్, కానియ్."

ఈయన ఊదినె వాడైతే, నిజం చెబితే వేసవి ఉద్యోగం పోతుంది. ఊదినె వాడు కాకపోతే, నిజం చెప్పకపోతే గురువారం ఒక ముసలమ్మ నిలబడే ఉంటుంది. ఈ రెండింటిలో తను దేన్ని మరిచిపోగలదో రొమానాకి చప్పున తెలిసిపోయింది. తెలిసినందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

చెయ్యి తీసేసింది. "కుర్చీ రాదండీ."

"ఎప్పటిదాకా?"

"ఎప్పటికీ. కుర్చీ లేదు, లారీ లేదు. ఇది బడి. మేం పిల్లలం, కంపెనీ ఆడుకుంటూ పని నేర్చుకుంటున్నాం. మీరు ఊదినె వాళ్ళయితే నేను పరీక్ష తప్పాను. కాకపోతే మాత్రం దయచేసి మా కోసం ఎదురుచూడకండి."

క్లెమెన్స్ తల పట్టుకున్నాడు. "ముంచేశావే!" వుట్టె పెన్సిల్ గాలిలోనే ఆగింది. ఫోనులో కుక్క ఒక్కటే మాట్లాడుతోంది.

"తప్పితే ఏం పోతుందమ్మాయ్?" అంది గొంతు.

"ఊదినెలో వేసవి ఉద్యోగమండీ. ఒక్కసారైనా నిజం కుర్చీ చేద్దామనుకున్నాను."

"మీ టీచరమ్మ వింటోందా?"

"వింటున్నారు."

గొంతు సవరించుకున్న చప్పుడు. తరవాత పెద్ద నవ్వు. "అయితే వినండి మేడమ్! నేను ఊదినె వాణ్ణే! కొనేవాడికి నిజం చెప్పిన కంపెనీని ఈ వయసులో ఇవాళే చూశాను. నియమాలు పక్కన పెట్టి ఈ పిల్లకి పూర్తి మార్కులెయ్యండి!"

గది దద్దరిల్లింది. "కుక్క కూడా పాసేనా సార్?" అని అరిచాడు క్లెమెన్స్.

"అది ఎప్పుడూ పాసే. అమ్మాయ్, ఆఖరి ప్రశ్న. నిజంగానే ఎవరికైనా అలాంటి ఎత్తు కుర్చీ కావలసివస్తే ఎక్కడికి పంపిస్తావు?"

"ఫిలాఖ్ ఆసుపత్రి వెనక సందులో అద్దెకిస్తారండీ," రొమానా సంతోషంతో గబగబా చెప్పింది. "మా అమ్మమ్మకి అక్కడే తెచ్చాం. నీలం తలుపు. మధ్యాహ్నం మూసేస్తారు, పొద్దున్నే వెళ్ళాలి."

"మెల్లగా చెప్పు. వెనక సందు... నీలం తలుపు..."

"రాసుకుంటున్నారా?"

"మార్కులెయ్యాలి కదమ్మా."

ఫోను పెట్టేశాక వుట్టె కళ్ళద్దాలు తుడుచుకుంది. "ఏం నటుడు! ఆ దిండ్ల దగ్గర నేనే నమ్మేశాను," అంటూ రొమానా పేరు పక్కన పూర్తి మార్కులు వేసింది. క్లెమెన్స్ బల్లెక్కి, రవాణా శాఖ తరఫున లేని లారీకి సెలవు ప్రకటించాడు.

ఫోను మళ్ళీ మోగింది. రొమానా నవ్వు ఆపుకుంటూ తీసింది. వచ్చీరాని జర్మన్‌లో ఒక కుర్ర గొంతు అందరికీ వినబడింది.

"ఊదినె నుంచండీ, ఆలస్యమైంది, ఇప్పుడు మొదలెడదామా?"