నలభై ఏ మూలన

“డెబ్బై డిగ్రీలు అని రాయండక్కా.”

పెన్ను కదిలిన చప్పుడు రాలేదు.

“తొందరేం లేదు. ప్రశ్న ఇంకోసారి చదవనా?” అంది పరీక్ష రాసిపెట్టే ఆవిడ.

“అక్కర్లేదు. త్రిభుజాలు నాకు కొట్టిన పిండి.”

అందులో గొప్పలేం లేవు. ఆ అంధుల బడిలో, ఏడో తరగతిలో, ఆ పిల్ల తడమని త్రిభుజం లేదు. బల్లైనా గుమ్మమైనా వేళ్లతో కొలిచి ఠక్కున చెప్పేస్తుందని హాస్టల్ పిల్లలు ఆమెకి ‘టేపు’ అని పేరు పెట్టారు.

ఆమెకి త్రిభుజాలు నేర్పినవి అట్టలు. అట్ట మీద దారం అంటించి చేసిన త్రిభుజం, ప్రతి మూలలో కోణం ఎంతో బ్రెయిలీ చుక్కల్లో. అట్టకి ఒక త్రిభుజం. సోమవారం సోమవారం ఎవరో గేటు దగ్గర కట్ట ఇచ్చి పోయేవారు. ఆయా తెచ్చి ఒళ్లో పడేసేది. ఎవరు చేస్తున్నారని టేపు ఒక్కసారైనా అడగలేదు. వేళకి అన్నం వస్తుంటే ఎవరు వండారని అడుగుతామా?

పరీక్షలో మాత్రం తను చెప్పాలి, ఇంకొకరు రాయాలి. రాసేవాళ్లకి పిల్లలతో ముందే పరిచయం ఉండకూడదు. పిల్లలు చెప్పింది తప్ప ఒక్క అక్షరం ఎక్కువ రాయకూడదు. అది రూలు. ఈవిడెవరో టేపుకి తెలీదు. నిదానమైన గొంతు, గరుకు వేళ్లు, అంతే.

“అయితే డెబ్బై రాసేయమంటావా?”

“రాసేయండి.”

పెన్ను కదిలింది.

లెక్కల్లో నూటికి ఎనభై వస్తే పెద్ద బడిలో సీటు. రాకపోతే ఈ బడిలోనే కుర్చీలకి వైరు అల్లడం నేర్చుకోవాలి. ఇక్కడ ఏడో తరగతి తర్వాత లెక్కలు లేవు.

గంట కొట్టాక వరండాలో ఆవిడ మోచెయ్యి పట్టుకుని నడుస్తూ టేపు ఉన్నట్టుండి ఆగిపోయింది.

“అక్కా, ఆ లెక్కలో నలభై కింది మూలది కదా?”

“అవునమ్మా.”

టేపుకి అప్పుడు వెలిగింది. రెండు భుజాలు సమానమైన త్రిభుజం. కింద ఒక మూల నలభై అయితే రెండో మూలా నలభయ్యే. అడిగిన పై మూలకి మిగిలేది వంద. తను హడావిడిలో మూలలు తారుమారు చేసుకుని, ఆ నలభైని పై మూలన పెట్టి కింది మూల ఎంతో చెప్పేసింది.

“నేను చెప్పింది తప్పని మీకు తెలుసా?”

“తెలుసు.”

“తెలిసీ రాశారా?”

“రెండుసార్లు ఆగాను కదమ్మా. అంతకు మించి ఆగకూడదు.”

“నాలుగు మార్కులు. ఒక్క మాట చెబితే మీ సొమ్మేం పోయింది?”

ఆవిడ టేపు భుజం మీద చెయ్యి వేసింది. టేపు విదిలించేసింది.

పక్క గదిలో రాసినాయన మూడు లెక్కలు తనే చేసిపెట్టాడట. అక్కడి పిల్ల గంతులేస్తోంది. దొరక్క దొరక్క తనకే ఈవిడ దొరకాలా? నమ్మి పేపరంతా చేతిలో పెడితే నట్టేట ముంచేసింది. ఆ కసి వారాలు గడిచినా టేపుని వదల్లేదు.

మార్కులొచ్చాయి. డెబ్బై ఏడు.

టేపు నేరుగా పెద్ద టీచరు గదికి వెళ్లింది.

“నేను వంద అని చెప్పాను టీచర్. ఆవిడే డెబ్బై అని రాశారు.”

పచ్చి అబద్ధం. అయినా గొంతు తడబడలేదు. ద్రోహం చేసినవాళ్లకి ఈ మాత్రం చేస్తే తప్పేంటి అనుకుంది.

“నిజంగా వంద అనే చెప్పావా?”

“త్రిభుజాల్లో నేను తప్పు చేస్తానా టీచర్?”

పెద్ద టీచరుకీ అదే అనిపించింది. ఏడాది పొడుగునా ఆ పిల్ల ఒక్క కోణం తప్పు చెప్పి ఎరగదు.

ఆవిడని పిలిపించి అడిగారు. “పాప చెప్పిందే రాశాను” అందట. ఇంకో ముక్క మాట్లాడలేదట. అందరూ పిల్లనే నమ్మారు. నాలుగు మార్కులు కలిశాయి, సీటు వచ్చింది. రాసేవాళ్ల జాబితాలో ఆవిడ పేరు కొట్టేశారు.

తిక్క కుదిరింది అనుకుంది టేపు.

కొత్త బడికి బయల్దేరే రోజు, పెట్టె సర్దుకుంటుంటే ఆయా వచ్చి ఒళ్లో కట్ట పడేసింది.

“ఇదిగోనే, నీ అట్టలు. ఇవే ఆఖరివట.”

“ఎలాగూ నేను వెళ్లిపోతున్నాగా.”

“నీకే కాదు, ఇంకెవరికీ తేదట. ఈ గేటు దగ్గరికి రావద్దన్నారని వాచ్‌మన్‌తో చెప్పిపోయింది.”

“ఎవరు?”

“ఎవరో ఆడమనిషి. నేనెప్పుడు చూశానే తల్లీ?”

టేపు తాడు విప్పి పై అట్ట తడిమింది. దాని మీద ఒకటి కాదు, రెండు త్రిభుజాలున్నాయి, పక్కపక్కనే.

మొదటిదానికి పై మూలన నలభై. కింద డెబ్బై, డెబ్బై.

రెండోదానికి కింద నలభై, నలభై. పై మూలన వంద.

టేపు వేళ్లు అక్కడే ఆగిపోయాయి. బయట బస్సు హారన్ కొడుతోంది.

పరీక్షలో ఆ నలభైని తను ఏ మూలన పెట్టి పొరబడిందో లోకంలో తను కాక ఇంకొక్కరికే తెలుసు, వరండాలో తను చెయ్యి విదిలించేసిన ఆవిడకి.