ఒంటి వేడి

మంచు తుఫానుకి విన్నిపెగ్ నగరం మొత్తం కరెంటు పోయింది.

ల్యాబ్‌లో వేడిపెట్టె ఆగిపోగానే పరిశోధకురాలు ఒక్సానా అందులోని ట్యూబుని తీసి గుప్పిట్లో పట్టుకుంది.

అందులో ఆమె పెంచిన మైక్రోట్యూబ్యూల్స్ ఉన్నాయి. జీవకణాల లోపల వాసాల్లా నిలబడే అతి సన్నని గొట్టాలు. ఒంటి వేడిలో పెరుగుతాయి, చల్లబడితే విడిపోతాయి. రెప్పపాటులో గడ్డకట్టించగలిగితేనే ఉన్నవి ఉన్నట్టు మైక్రోస్కోపుకి అందుతాయి.

గడ్డకట్టించే యంత్రం కూడా ఆగిపోయింది కనక ఆ పని ఇప్పుడు చేత్తోనే చెయ్యాలి. అందుకు రెండు చేతులూ కావాలి. అంతవరకూ ట్యూబుని వెచ్చగా ఉంచేదెవరు? ఒక్సానాకి ఏడుపొక్కటే తక్కువ.

గుమ్మంలో ఎవరో నడివయసావిడ మంచు దులుపుకుంటోంది.

"ప్రొఫెసర్ క్లాసెన్ గారి ల్యాబ్ ఇదేనా అమ్మా? నేను..."

"మీరెవరైనా సరే, ముందు ఇలా రండి! ఇది చంకలో పెట్టుకోండి. కదిలారంటే ఊరుకోను!"

ఆవిడ బిత్తరపోయింది. అయినా కోటు విప్పి, ట్యూబుని ఒంటికి ఆనించి పెట్టుకుంది.

"ఏముంది తల్లీ ఇందులో?"

"మెదడు జబ్బుతో పోయిన ఒక పిల్లాడి ప్రోటీన్‌తో పెంచిన గొట్టాలు. ఇదే ఆఖరి చుక్క. పాడైతే ఆ జబ్బేంటో ఇక ఎప్పటికీ తెలీదు. మాట్లాడించకండి!"

ఆవిడ కోటుని రెండు చేతులతో దగ్గరికి లాక్కుంది. ఊపిరి కూడా మెల్లగా పీల్చింది.

ఒక్సానా గబగబా అన్నీ సిద్ధం చేసింది.

"ఇక ఇటివ్వండి."

"ఇంకొక్క నిమిషం ఉంచుకోనా?"

"ఒళ్లో పెట్టుకోడానికి అదేమన్నా చంటిపిల్లా? ఇవ్వండమ్మా!"

లాక్కున్నంత పని చేసింది. చుక్కని తీసి అతిచల్లని ద్రవంలో ముంచగానే అది గడ్డకట్టింది.

"నిలిచాయా?" అని అడిగిందావిడ.

"నిలిచినట్టే ఉన్నాయి."

"ఆ ఖాళీ ట్యూబు నాకిస్తావా?"

"దాన్నేం చేసుకుంటారు? ఇక్కడివి బయటికివ్వకూడదు." ఒక్సానా దాన్ని చెత్తడబ్బాలో పడేసింది. "బయటివాళ్లు ఇక్కడ ఉండకూడదు కూడా. బయల్దేరండి."

ఆవిడ ఆ డబ్బా వైపు చూస్తూ నిలబడింది. తర్వాత ఒక్కో గుండీ పెట్టుకుని, ఆ తుఫానులోనే వెళ్లిపోయింది.

ప్రొఫెసర్ వచ్చేసరికి కరెంటు వచ్చింది.

"ఒకావిడ రావాలే, వచ్చిందా?"

"వచ్చింది, పంపించేశాను. ఖాళీ ట్యూబు కూడా అడిగిందండీ, వింత మనిషి!" ఒక్సానా నవ్వింది.

ప్రొఫెసర్ నవ్వలేదు.

"కొడుకు మెదడు మనకిచ్చిన తల్లి ఆవిడ, వాడిలో మిగిలింది ఒక్కసారి తాకి వెళ్తానంటే నేనే రమ్మన్నాను."