కూటం రోజు పోయిన లాప్‌టాప్

మహిమ జ్ఞాపకార్థ కూటం రోజునే ఆమె లాప్‌టాప్ పోయింది.

ఏడాది కిందట మనిషి పోయినప్పుడు రాలేకపోయిన బంధువులు కూడా లాప్‌టాప్ పోయిందనగానే గదిలోకి వచ్చి చూశారు. ఏ కంపెనీదని అడిగారు.

అది ఆటలాడుకునే లాప్‌టాప్. బరువు ఇటుకంత, చప్పుడు పిండిమరంత. ఇంజనీరింగ్ చదువుతూ మహిమ పట్టుబట్టి కొనిపించుకుంది. జ్వరంతో ఆసుపత్రికి వెళుతూ ఆటను మధ్యలో నిలిపి, "అమ్మా, కట్టెయ్యొద్దు. వచ్చి ఆడతా" అంది. తల్లి రెబ్కా కట్టెయ్యలేదు. తెర మీద కత్తి పట్టుకున్న బొమ్మ ఏడాదిగా అలాగే నిలబడి ఉంది. కరెంటు కోతకు ఆ బొమ్మ పోకుండా ఇన్వర్టర్ పెట్టించింది. దాని తీగ మహిమ గది దాకానే వేయించింది. మిగతా గదుల్లో మనుషులే కాబట్టి విసనకర్రలు సరిపోయాయి.

ఇంటి ఎదురుగా మిరప కల్లం. ఆ దుమ్ము ఫ్యాన్లో చేరి లాప్‌టాప్ కాగిపోయేది. మహిమతో చదివిన త్రినాథ్ ప్రతి శనివారం వచ్చి, దాన్ని తిరగేసి బ్రష్‌తో దులిపేవాడు. వేడిని చూపించే సాఫ్ట్‌వేర్ కూడా వేశాడు. అందులో గీత మీద ఒక చుక్క. కుడికి జరిపితే ఫ్యాన్ వేగం పెరుగుతుంది, ఎడమకి జరిపితే తగ్గుతుంది. వేడి తొంభై దాటితే ప్రమాదమని రెబ్కాకూ, ఆమె భర్త ఇమ్మానియేలుకూ చెప్పాడు. ఇమ్మానియేలు బుద్ధిగా విన్నాడు. ఆయన కోల్డ్ స్టోరేజీలో గుమాస్తా. మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, వేడెక్కకుండా చూడటమే ఆయన ఉద్యోగం.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఇల్లంతా జనం. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టారు. పక్క గదిలో లాప్‌టాప్ ఫ్యాన్ కూడా మొదలుపెట్టింది. మైకు లేకుండానే వీధి చివరి దాకా వినిపించే గొంతు ఆయనది. ఆ రోజు మొదటి వరుసకే అందలేదు.

"ఆ మిషన్ కాసేపు ఆపండమ్మా" అన్నారాయన.

"ఆపడం కుదరదండి" అంది రెబ్కా.

పాస్టరుగారు మరో కీర్తన పాడించారు. ఆ తర్వాత ప్రార్థన సాఫీగానే సాగింది. ఓదార్పు వాక్యాలు అందరికీ చక్కగా వినిపించాయి. భోజనాల దగ్గర పెరుగు చాలలేదు. తెస్తానని స్కూటర్ మీద వెళ్ళిన ఇమ్మానియేలు, కొట్టు మూసి ఉందని ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. అందరూ వెళ్ళాక రెబ్కా గదిలోకి వెళితే బల్ల మీద ఛార్జర్ ఒక్కటే ఉంది.

"త్రినాథే" అంది. "కూటం మధ్యలో లేచెళ్ళాడు. నా కళ్ళతో చూశా."

త్రినాథ్‌కి రైల్వేలో ఉద్యోగం వచ్చింది. వచ్చే వారం చేరాలి. అతను మంచివాడని పోలీసులు ఇంకా రాసివ్వలేదు. సాయంత్రానికి ముగ్గురూ పోలీస్ స్టేషన్లో ఉన్నారు.

ఎస్సై సుభానీ ఓపికగా అడిగాడు. "బీరువా, టీవీ, గ్యాస్ బండ అన్నీ ఉన్నాయా?"

"ఉన్నాయండి."

"ఛార్జర్ కూడా వదిలేశాడు. మొహమాటం ఉన్న దొంగలా ఉన్నాడు."

"వాడికి దాని మీద మోజండి" అంది రెబ్కా. "వారం వారం వచ్చి నిమిరేవాడు."

"దులిపేవాణ్ణి ఆంటీ."

"కూటంలోంచి ఎందుకు లేచావురా మరి?"

"బిర్యానీ గిన్నెలు దించమని మీరే పంపారుగా!"

"అదీ నా మీదికే నెట్టు!"

సుభానీ ఇమ్మానియేలు వైపు తిరిగాడు. "మీరు చెప్పండి. గుర్తులేంటి?"

"నల్లగా ఉంటుందండి. మూత మీద మా అమ్మాయి అంటించిన సీతాకోకచిలుక. అడుగున కొంచెం కమిలి ఉంటుంది."

త్రినాథ్ తలెత్తి ఇమ్మానియేలును చూశాడు. ఆయన గోడ మీది క్యాలెండర్ చూశాడు.

"సార్" అన్నాడు త్రినాథ్. "నేనే తీశాను."

రెబ్కా అతని చెంప పగలగొట్టింది. "ఇచ్చెయ్యరా! అది ఆరిపోతే నా బిడ్డ ఆట ఆరిపోద్దిరా!"

"ఇవ్వలేను ఆంటీ. అమ్మేశాను."

"ఎవరికి?" అన్నాడు సుభానీ.

"రైల్లో వెళ్తున్నాయనకి."

సుభానీ కలం కింద పెట్టాడు. అంత చేతకాని అబద్ధం ఆయన ఈమధ్య వినలేదు. "ఒరేయ్, రేపు సాయంత్రం దాకా టైమిస్తున్నా. వస్తువు తెచ్చిస్తే కేసు లేదు. తేకపోతే, రైల్వే వాళ్ళకి నీ గురించి ఏం రాయాలో నువ్వే చెప్పు."

బయట రెబ్కా ఆటో ఎక్కి కూర్చుంది. త్రినాథ్ గొంతు తగ్గించాడు.

"అంకుల్, నిన్న నేను తిరగేసినప్పుడు అడుగున కమిలిన గుర్తు లేదు."

ఇమ్మానియేలు చొక్కా గుండీ సర్దుకున్నాడు. "మరి నీ ఉద్యోగం రా?"

"ఆంటీకి తిట్టుకోడానికి ఇప్పుడో మనిషి దొరికాడు. నా సంగతి మీరు చూసుకోండి."

"చూస్తాలే" అన్నాడు ఇమ్మానియేలు.

మర్నాడు ఆయన కోల్డ్ స్టోరేజీకి వెళ్ళి, ఏ గదిలో ఎంత చల్లగా ఉందో జాగ్రత్తగా చూసుకుని, చీకటి పడ్డాక ఇంటికొచ్చాడు. పాస్టరుగారి ప్రార్థన వినబడాలని ఫ్యాన్ వేగం చుక్కను ఎడమ చివరికి జరిపి పైన రగ్గు కప్పిందీ, మాడిపోయిన లాప్‌టాప్‌ను పెరుగు నెపంతో సాగర్ కాలువలో వేసొచ్చిందీ తానేనని ఇమ్మానియేలు ఇంకా ఎవరికీ చెప్పలేదు.