బేస్ దేంట్లో బాగుంది?

"నాకెందుకురా ఈ గోల? పాటలినేది నువ్వు, తేల్చుకోవాల్సింది నువ్వు. నన్నొదిలెయ్!" అన్నాడు నూర్ మొహమ్మద్, గుడ్డముక్కతో స్పానరు తుడుస్తూ.

కొడుకు మోయిన్ వదిలే రకమా? నరసరావుపేటలో తను పనిచేసే ఫోన్ల షాపు నుంచి రెండు జతల ఇయర్‌ఫోన్లు పట్టుకుని నేరుగా తండ్రి షెడ్డుకొచ్చాడు. మామూలువి కాదు. చెవి వెనక నుంచి వైరు తిప్పి, లోపలికంటా దూర్చుకునే ఖరీదైన రకం. ఒకటి ఉంచుకుని, రెండోది సాయంత్రానికి వాపసు ఇచ్చెయ్యాలి.

"నీ చెవికి ఈ చుట్టుపక్కల తిరుగులేదు గదా అబ్బా! బేస్ దేంట్లో బాగుందో ఒక్క ముక్క చెప్పు, చాలు."

ఆ మాటకు నూర్ మొహమ్మద్ తుడిచిన స్పానరునే మళ్ళీ తుడవటం మొదలుపెట్టాడు.

తిరుగులేని చెవే, నిజమే. కానీ అది ఏడాది కిందటి మాట. నకరికల్లు నుంచీ, రాజుపాలెం నుంచీ ట్రాక్టర్లు తోలుకొచ్చేది ఆయన చెవిని నమ్ముకునే. స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకున్నాడంటే, రోగం ఎక్కడుందో ఇట్టే చెప్పేసేవాడు. ఇప్పుడా పిడిని పళ్ళ మధ్య కరిచి పట్టుకుంటున్నాడు. దవడ ఎముకలో నుంచి వచ్చే అదురు తప్ప ఆయనకు మిగిలిందేమీ లేదు. చూసేవాళ్ళు మాత్రం 'నూర్ భాయ్ కొత్త టెక్నిక్కు కనిపెట్టాడు' అని మురిసిపోతున్నారు. మనుషుల మాటలంటారా, పెదాలు చూసి పట్టేస్తాడు. చెవిటి మెకానిక్కు దగ్గరికి బండి తోలుకొచ్చేదెవరు? అందుకే కట్టుకున్న షాహిదాకు కూడా చెప్పలేదు. కొడుక్కి అసలే చెప్పలేదు.

"సరే, కానియ్," అన్నాడు. మరీ కాదంటే అనుమానం రాదూ!

రిపేరుకొచ్చిన ట్రాక్టరు పక్కనున్న స్టూలు మీద కూర్చోబెట్టి, మోయిన్ మొదటి జత తండ్రి చెవులకు తగిలించాడు. ఫోను మీద వేలు ఆడించాడు.

నూర్ మొహమ్మద్ ఊపిరి బిగబట్టాడు. ఉహూఁ. చీమ చిటుక్కుమనలేదు. 'యా అల్లా, నా పని ఇంతదాకా వచ్చిందా!' అనుకున్నాడు. అయినా కళ్ళు మూసుకుని, తాళం వేస్తున్నట్టు కాలు ఆడించాడు. రెండుసార్లు తల కూడా ఊపాడు. కళ్ళు తెరిచేసరికి కొడుకు పెదాలు 'ఎట్టుందబ్బా?' అంటున్నాయి.

"అదిరిపోయిందిరా! బేసంటే ఇదీ!"

మోయిన్ ఒక్క క్షణం ఆయన వంకే చూసి, మొదటి జత తీసేసి రెండోది తగిలించి, సౌండు చివరికంటా పెంచాడు. ఈసారి నూర్ మొహమ్మద్ ముందే కాలు సిద్ధం చేసుకున్నాడు.

ధన్!

ఉలిక్కిపడ్డాడు. దవడలో కాదు, చెవిలోనే! వెంటనే ఇంకోటి. డోలు మీద దెబ్బ పడటం, అది గుండెల దాకా దిగటం, దిగి అణిగిపోవటం, అన్నీ తెలుస్తున్నాయి. ఆ దెబ్బల వెనకాల ఎవరో పాడుతున్నారు కూడా. మాటలు అందటం లేదుగానీ పాడేది మనిషే. ఏడాదయింది పాట విని! కాలు ఆడించే సంగతే మరిచిపోయాడు. మీసం మీదికి కన్నీళ్ళు జారాయి. గ్రీజు చేత్తో తుడుచుకుంటే మొహమంతా మసయింది.

"ఏంది, ఏడుస్తున్నావా?"

"చెమటరా! ఇదే తీసుకో. ఇంకేం ఆలోచించమాక."

"మొదటిది అదిరిందన్నావుగా?"

"అదీ అదిరింది. ఇది దాని తాత!"

"అయితే ఇంకొకటి విను. దీంట్లో బేస్ చానా ఉంటది," అంటూ మోయిన్ ట్రాక్టరు స్టార్టు చేసి, ఫోను ఇంజను పక్కన పెట్టాడు.

నూర్ మొహమ్మద్ చెవుల నిండా ఇంజనే. ఆ మోత అడుగున, ఎక్కడో లోపల, దుక్కు... దుక్కు...

"ఆపరా! కనెక్టింగ్ రాడ్డు బేరింగు పోయింది! ఇంకో గంట నడిస్తే ఇంజను పగిలిద్ది!"

మోయిన్ ఆపేశాడు. నూర్ మొహమ్మద్ చెయ్యి జేబు తడుముకుంది. స్క్రూడ్రైవరు జేబులోనే ఉంది, దాన్ని తియ్యకుండానే రోగం చెప్పేశాడు.

"ఫోన్లో మైకుంది గదా, అది విన్నదంతా పెద్దది చేసి నీ చెవిలో పడేట్టు పెట్టా," అన్నాడు మోయిన్. "ఈ జత నాక్కాదు, నీకే."

"నాకా? నాకేం తక్కువైందిరా? నా చెవులు..." అంటూ ఇయర్‌ఫోను వైరు తడుముకున్నాడు. అంతలోనే, "మీ అమ్మ ఏమన్నా అందా?" అన్నాడు.

"అమ్మకు తెలీదు. ఎవరికీ తెలియనియ్యను. ఇయ్యి పెట్టుకుని పనిచేస్తే, నూర్ భాయ్‌కి ఈ వయసులో పాటల పిచ్చి పట్టిందనుకుంటారు. అనుకోనీలే!"

నూర్ మొహమ్మద్ తల దించుకున్నాడు. ఏడాదిగా మోస్తున్న బరువు దిగిపోతుంటే సిగ్గూ, సంతోషం రెండూ కలిసి వచ్చాయి.

"మరి నీకెట్టా తెలిసిందిరా?"

మోయిన్ ఫోను నోటి దగ్గర పెట్టుకున్నాడు. గొంతు పెంచలేదు. నూర్ మొహమ్మద్ తలెత్తలేదు, పెదాలు చూడలేదు. అయినా ప్రతి మాటా వినపడింది.

"మొదటి జతలో నేను పాటే పెట్టలేదబ్బా."