మోకు తెగే షాట్

“ఆ చెట్టు సీను తియ్యకుంటే ఏమైతది బిడ్డా? మీ అవ్వ తట్టుకోదు,” అన్నాడు మేనమామ ఓదెలు, మూడోసారి.

శ్రీజ వినలేదు. తన నవలను సినిమాగా తీయనిస్తున్నదే ఆ చెట్టు కోసం.

పదకొండేళ్ల కిందట ఆమె అన్న శ్రవణ్ ఆ తాటిచెట్టు మీది నుంచే పడి చనిపోయాడు. పద్దెనిమిదేళ్లవాడు. పొద్దున్నే చెట్లెక్కి కల్లు గీసి, తొమ్మిదింటికి కోరుట్ల కాలేజీకి పోయేవాడు. ఆ కాలేజీలోనే చదివేది మనస్విని, ఊరి దొర శశిధర్ రావు ఒక్కగానొక్క కూతురు. పదిహేడేళ్లు. ఇద్దరి బుర్రలూ కలిపినా భయమన్నది చిటికెడు లేదు. వాడు ఆమె డాబాకు ఎదురుగా ఉన్న తాటిచెట్టెక్కి, రెండు చేతులూ వదిలేసి ఊపేవాడు. ఆమె డాబా మీద నిలబడి ఈల వేసేది. చివరికి ఓ రోజు ఇద్దరూ సిరిసిల్ల బస్సెక్కేశారు.

సిరిసిల్ల బస్టాండులో వాళ్లను పట్టుకుని వెనక్కి తెచ్చింది మేనమామ ఓదెలే. దొర కాళ్లు పట్టుకుని మాఫీ అడిగిందీ ఆయనే. నాలుగో రోజు పొద్దున శ్రవణ్ చెట్టు మీది నుంచి పడ్డాడు. మనస్వినిని హైదరాబాద్ పంపేశారు. ఆమె మళ్లీ ఊరి మొహం చూడలేదు.

తల్లి సత్తవ్వ ఇప్పటికీ ఒక్కటే మాట. “నా కొడుకు చెట్టెక్కుడు రాక పడలే. దొరనే ఏదో చేపిచ్చిండు.”

ఏం చేయించాడో ఆమెకూ తెలియదు. తెలుసుకోవాలనే శ్రీజ నవల రాసింది. రాస్తే, తెలిసినవాళ్లు ఎవరో ఒకరు నోరు విప్పుతారని ఆశ. జగిత్యాలలో పుస్తకం విడుదలైంది, నలుగురు మెచ్చుకున్నారు, ఒక్కరూ నోరు విప్పలేదు. అంతలో సినిమావాళ్లు వచ్చారు.

చెట్టు కావాలని అడగ్గానే శశిధర్ రావు ఒప్పుకున్నాడు. ఆ ఒప్పుకోవడానికే ఆమెకు భయం వేసింది. ఇవాళ పొద్దున్నే వచ్చి, చెట్టుకెదురుగా కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. నల్లకళ్లద్దాలు.

“తియ్యుండ్రి,” అన్నాడు ఒకే ఒక్కసారి. “జరిగింది జరిగినట్టే తియ్యుండ్రి.”

శ్రీజ జరిగి మామ పక్కన నిలబడింది, అక్కడే ధైర్యం.

ఆ ఇంటికి మగదిక్కు ఓదెలే. శ్రవణ్‌కు చెట్టెక్కడం నేర్పింది ఆయన. చెట్టు కింద పడి ఉన్నవాణ్ని మొదట చూసి ఎత్తుకొచ్చింది ఆయన. వాడి తెగిన మోకు వాడితోనే పోవాలని ఏడుస్తూ చితిలో వేసిందీ ఆయనే. తన బిడ్డ సరితను శ్రవణ్‌కే ఇవ్వాలని తొట్టెలలో ఉన్నప్పుడే అనుకున్నారు. సరిత ఇవాళ్టికీ పెళ్లి చేసుకోలేదు. అయినా ఓదెలు ఎవర్నీ పల్లెత్తు మాట అనకుండా శ్రీజను డిగ్రీ దాకా చదివించాడు. ఇప్పుడూ అంతే. సీను వద్దన్న మనిషే, మేనకోడలు మొండిపట్టు చూసి, హీరోకు చెట్టెక్కడం నేర్పడానికి వచ్చాడు.

“మోకు తెగే షాట్ ముందు తీసేద్దాం,” అన్నాడు డైరెక్టర్.

నడుముకూ చెట్టుకూ కలిపి చుట్టుకునే లావుపాటి తాడు, మోకు. ఆర్ట్ డైరెక్టర్ వనిత కొత్త మోకొకటి తెచ్చి, పాతబడి అరిగినట్టు కనిపించేలా నడిమధ్యన రాయితో రుద్దుతూ పీచు లేపుతోంది. ఓదెలు కాసేపు ఓర్చుకున్నాడు. నలభై ఏళ్లు చెట్లెక్కినవాడు. కళ్ల ముందు పని తప్పుతుంటే ఆయన చేతులు ఊరుకోవు.

“గట్ల కాదు బిడ్డా, ఇటియ్యి.”

మోకు లాక్కుని తిరగేశాడు. నడుముకు ఆనే వైపు బొటనవేలితో తడిమి, గీతకత్తి తీశాడు.

“ఇగో, గీడ. లోపటి దిక్కు. మూడు పురులల్ల రెండు కొయ్యాలె, ఒకటి ఉంచాలె. కట్టుకునేటోనికి కనవడది. కిందున్నప్పుడు మంచిగనే ఆపుతది. పైకి పోయి ఎన్కకు ఒరిగినంకనే పటుక్కుమంటది. చేతులిడిసి ఊపేటోడైతే ఇంకా జల్ది.”

కత్తి రెండుసార్లు ఆడింది. వనిత నోరు తెరుచుకుని చూసింది. డైరెక్టర్ చప్పట్లు కొట్టాడు.

“అద్భుతం! కెమెరా దగ్గరకు జరపండి!”

కుర్చీలో శశిధర్ రావు మెల్లగా నల్లకళ్లద్దాలు తీశాడు. ఓదెలును చూడలేదు. శ్రీజను చూశాడు.

స్క్రిప్టు శ్రీజ చేతిలోనే ఉంది. తెరిచి చూడాల్సిన పని లేదు, ప్రతి ముక్కా ఆమె రాసిందే.

చేతులు వదిలి ఊపుతుంటే పాతబడిన మోకు దానంతటదే తెగిపోయిందని రాసింది తప్ప, దాన్ని ఎవరో కోశారన్న మాట ఆ నవలలో గానీ, ఆ స్క్రిప్టులో గానీ ఎక్కడా లేదు.