ఎనిమిది యూనిట్ల పొడి

ఆదివారం ఆరాధన మధ్యలో కరెంటు పోయి పాస్టరుగారి మైకు మూగబోయింది.

ఆడవాళ్లు పైటకొంగులతో విసురుకుంటుంటే గిద్యోను మాత్రం చెప్పులు చేత్తో పట్టుకుని బయటికి పరిగెత్తాడు. తమ్ముడు మాథ్యూ వెనకే వచ్చి బండెక్కాడు.

మూడు రోజులుగా మబ్బు. ఇలాంటప్పుడు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల చక్రాలు ఆగితే గుంటలో రొయ్యలకు ఊపిరాడదు. అరగంటలో నీళ్ల మీదికి తేలతాయి, గంటలో చస్తాయి. రొయ్యల పట్టుబడికి ఇంకా వారమే ఉంది. పోయినేడు ఎవడో గిట్టనివాడు మందు కలిపి గుంటంతా చంపేశాడు. ఈ పంట కూడా పోతే గిద్యోను ఇక లేవలేడు.

అల్లూరు దాటి గుంటల దారి పట్టగానే జనరేటరు మోత వినిపించింది.

"మన కాపలా గంగులయ్య వేసినట్టుండాడు. వాడి కడుపు చల్లగుండ!" అన్నాడు గిద్యోను.

గట్టు మీద గంగులయ్య లేడు. ఎవరో కొత్త మనిషి నీళ్ల అంచున గొంతుక్కూర్చుని ఉన్నాడు. యాభై ఏళ్లుంటాయి. చేతిలో ఈల లాంటిదేదో ఉంది. అందులోంచి చిన్న గొట్టం తీసి, తలకిందులు చేసి, వేలితో కొట్టాడు. తెల్లటి పొడి నీళ్లలో రాలింది.

గిద్యోను బండి మీంచి దూకాడు.

"ఏం కలిపినావురా నా గుంటలో?"

మొదటి దెబ్బకే ఆ మనిషి పెదవి చిట్లింది.

"నా మందన్నా... నాకు షుగరు..."

"షుగరుకి సూది వేసుకుంటారు. పొడి పీల్చేదేందిరా?" మాథ్యూ జుట్టు పట్టుకున్నాడు.

"ఇది కూడా ఇన్సులినే అన్నా. కొత్తగా వచ్చింది. సముద్రం గాలికి చెమ్మెక్కి గడ్డ కట్టింది. దారిన పోతా ఇడ్లీ తిందామని కూచున్నా. చెడిపోయింది దులిపేసినా, అంతే."

సంచి గుంజి బోర్లించారు. రేకు అట్టల్లో బుల్లి గొట్టాలు, కొన్ని నీలం, కొన్ని ఆకుపచ్చ. వాటితో పాటు విప్పని ఇడ్లీ పొట్లం. అన్నీ బురదలో పడ్డాయి.

"తొక్కొద్దన్నా! నీలంవి నాలుగు యూనిట్లు, పచ్చవి ఎనిమిది. అవి లేకపోతే నేను బతకలేను."

మాథ్యూ ఒక్కొక్కటే చెప్పుకాలితో నలిపాడు. ఇడ్లీ పొట్లాన్నీ వదల్లేదు.

"కరెంటు పోయినాక నేనే..."

"కరెంటు పోయేదాకా కాచుకోని కూచున్నావా!"

గిద్యోను గట్టు మీద పడున్న ఇనప పైపు అందుకున్నాడు. మోకాళ్ల మీద కొట్టాడు. పడ్డాక వీపు మీద కొట్టాడు. గుడికని వేసుకున్న తెల్లచొక్కా మీద రక్తం చిందినా చూసుకోలేదు. పోయినేడు పీకల్దాకా మింగిన కోపమంతా ఇప్పుడు ఆ పైపులోకి వచ్చింది. జనరేటరు మోతలో ఆ మనిషి అరుపులు సగమే వినబడ్డాయి.

పక్క గుంటలవాళ్లు నలుగురు పరిగెత్తుకొచ్చారు. మందు కలిపాడన్న మాటొక్కటి చాలు, ఆ గట్ల మీద ఇంకేమీ అడగరు. తలా నాలుగు వేశారు. చేతులు వెనక్కి విరిచి గట్టు మీది కరెంటు స్తంభానికి కట్టారు.

మనిషి చెమటతో ముద్దయ్యాడు. ఒళ్లంతా వణుకుతోంది.

"చూడన్నా, తప్పు చేసినోడి వణుకు!" అన్నాడు మాథ్యూ.

"కాదన్నా... నాలుగు యూనిట్లవి చెడిపోయినాయని ఎనిమిదిది పీల్చినా. పది నిమిషాల్లో ఎక్కేస్తుందది. నేనింకా ఏం తినలా, షుగరు పడిపోతాంది." మాట తడబడింది. "మీ షెడ్డులో బెల్లం ఉండాది. చూసినా. ఒక్క ముక్క పెట్టండన్నా."

రొయ్యల షెడ్డులో బెల్లం ఎప్పుడూ ఉంటుంది. పులియబెట్టి గుంటలో పోస్తారు. పది అడుగులు వేస్తే దొరికేది. గిద్యోనుకి మాత్రం 'షెడ్డు' అన్న మాటే చెవిన పడింది.

"షెడ్డులోకి కూడా దూరినావంట్రా?"

ఈసారి పైపు తల మీద పడింది.

కాసేపటికి ఆ మనిషి మాట ముద్దముద్దయింది. పిచ్చిచూపులు చూశాడు. కాళ్లు కొట్టుకున్నాయి.

"తాగుండాడు," అన్నారు ఒకరు.

"నాటకాలు," అన్నారు ఇంకొకరు.

తర్వాత కాళ్లు కూడా ఆగిపోయాయి. తాడే అతన్ని నిలబెట్టింది.

అప్పుడొచ్చింది మేత బస్తాల ఆటో. గంగులయ్య దూకి రొప్పుతూ వచ్చాడు.

"జనరేటరేసి యాడికి పోయినావురా? వీడు గుంటలో మందు కలిపినాడు!" అరిచాడు గిద్యోను.

"నేనేడ వేసినా అన్నా? పొద్దన్నే మేతకి పోయినా గదా. కరెంటు పోయిందని తెలిసి గుండెలు చేత్తో పట్టుకోనొస్తాండా. జనరేటరు బ్యాటరీ చచ్చిపోయింది, హ్యాండిలు తిప్పి తిప్పి చస్తే గాని స్టార్టు కాదది." గంగులయ్య గుంట వైపు చూసి దణ్ణం పెట్టాడు. "మీరేగా వేసింది?"

గిద్యోను నీళ్లలోకి చూశాడు. చక్రాలు నురగ కక్కుతూ తిరుగుతున్నాయి. ఒక్క రొయ్య కూడా తేలలేదు.

చేతిలో పైపు జారిపోయింది. షెడ్డులోకి పరిగెత్తాడు. బెల్లం బస్తా మూతి కట్టిన కట్టు కట్టినట్టే ఉంది. జనరేటరు వేయడానికి వచ్చి ఆకలితో దాని పక్కనే నిలబడ్డ మనిషి అడక్కుండా చెయ్యి పెట్టలేదు. గిద్యోను పళ్లతో తాడు తెంపి, పిడికెడు బెల్లం తెచ్చాడు.

"అన్నా, తినన్నా... నీ కాళ్లు పట్టుకుంటా, ఒక్క ముక్క మింగన్నా!"

పేరైనా అడగని మనిషిని ఇప్పుడు అన్నా అని పిలుస్తూ ఏడ్చాడు. పగిలిన పెదవుల మధ్య పెట్టిన బెల్లం పెట్టిన చోటే ఉండిపోయింది.

కట్లు విప్పుతుంటే ఆ చేతులు వాలి తెరుచుకున్నాయి. రెండు అరచేతులకూ నల్లటి ఆయిలు, హ్యాండిలు తిప్పిన చోట అప్పుడే పొక్కిన బొబ్బలు.